నికాన్ డి5600 మీద పోర్ట్రెయిట్‌కీ మాక్రోకీ ఒకే లెన్స్: 60 మేలా, 90 మేలా?

వరిమడి (కోవూరు):

అన్నలూ, నా దగ్గర నికాన్ డి5600, దాంతోపాటు 18-55 ఏఎఫ్-పి, 70-300 ఏఎఫ్-పి డీఎక్స్ వీఆర్ (వీఆర్ అంటే చేతి వణుకును ఆపే ఏర్పాటు) ఉన్నాయి. ఇప్పుడు ఒక్క లెన్స్ కొనగలను. ఆ ఒక్కదానితో మూడు పనులు జరగాలి.

మొదటిది మనుషుల ఫొటోలు. ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, సంబంధాలకు పంపే ఫొటోలు. ముఖం, నడుము దాకా, అప్పుడప్పుడు నిలువెత్తు. ఎక్కువగా ఇళ్లలోనే, పది పన్నెండడుగుల గదుల్లో. రెండోది నగలు: ఉంగరం, కమ్మలు, వంకీ. మూడోది వరి మడిలో పురుగులు: సుడిదోమ, ఆకుముడత, అక్షింతల పురుగు, సాలీళ్లు, తూనీగలు. రైతులు పురుగును గుర్తుపట్టడానికి పంపే ఫొటోలు కాబట్టి రెక్క మీది చార కూడా తెలియాలి.

షాపులో 40 మి.మీ. మైక్రో (మాక్రోకు, అంటే అతి దగ్గర నుంచి తీసే లెన్స్‌కు, నికాన్ పెట్టిన పేరు) చాలంటున్నారు, ఇంకొందరు 105 తప్ప వద్దంటున్నారు. నాకు 60 మి.మీ., 90 మి.మీ. మాక్రోల మధ్య తేలడం లేదు. మాక్రో లెన్స్‌తో ముఖం తీస్తే చర్మం మీద ప్రతి గుంటా కనబడుతుందనీ, ఫోకస్ నెమ్మదనీ కూడా విన్నాను. ఎంతవరకు నిజం? వాడిన లెన్స్ అయినా పర్లేదు.

పెన్నాగట్టు (నెల్లూరు):

తమ్ముడూ, 60నా 90నా అనే ముందు ఒక జాగ్రత్త. డి5600 బాడీలో ఫోకస్ మోటారు లేదు. అది లెన్స్‌లో ఉండాల్సిందే, లేకపోతే రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే. వాడిన మాక్రోల్లో చవగ్గా కనబడేవి చాలావరకు మోటారు లేనివే: నికాన్ 60 ఎఫ్/2.8డి, 105 ఎఫ్/2.8డి, నికాన్ మౌంట్‌లో పాత టోకినా 100, టామ్రాన్ 90లో తొలి రకాలు. పురుగులకు ఎటూ చేత్తోనే ఫోకస్ చేస్తాం, దానికి ఇబ్బంది లేదు. పసిబిడ్డ కదులుతుంటే మాత్రం ఎఫ్/2.8లో (అపర్చర్, అంటే వెలుగు దూరే రంధ్రం, బాగా తెరిచి; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది) చేత్తో పట్టడం అయ్యే పని కాదు. నికాన్ అయితే పేరులో ఏఎఫ్-ఎస్ ఉండాలి, టామ్రాన్ అయితే యూఎస్‌డీ ఉండాలి. అది లేనిది ఎంత తక్కువకు వచ్చినా కొనబాక. రేపు మిర్రర్‌లెస్‌కి మారి నికాన్ ఎఫ్‌టీజడ్ అడాప్టర్ (పాత లెన్సులను ఆ కొత్త బాడీకి తగిలించేది) పెట్టుకున్నా ఆ పాత లెన్సులకు ఆటోఫోకస్ రాదు.

ఇక సైజు లెక్క. నీ సెన్సర్ అడ్డం 23.5 మి.మీ., నిలువు 15.6 మి.మీ. 1:1లో, అంటే వస్తువు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మా అంతే పడినప్పుడు, ఫ్రేములో పట్టేది సరిగ్గా అంత జాగానే. పది రూపాయల బిళ్ల 27 మి.మీ., అది కూడా పూర్తిగా పట్టదు. సుడిదోమ 4 మి.మీ. అనుకుంటే 1:1లో సైతం ఫ్రేము వెడల్పులో ఆరో వంతు. నీ ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు కాబట్టి దోమ మీద దాదాపు వెయ్యి పడతాయి. తెల్లవీపు దోమకు రెక్కల మొదళ్ల మధ్య ఉండే తెల్ల చారను పట్టుకోవడానికి ఆ వెయ్యి చాలు. 1:2 (సగం సైజు) దగ్గర ఆగిపోయే లెన్స్ అయితే ఐదొందలే, అది చాలదు. జూమ్ లెన్సుల మీద 'మాక్రో' అని రాసి ఉంటుంది చూడు, వాటిలో ఎక్కువ భాగం 1:4, 1:3 దగ్గరే ఆగుతాయి. వాటి జోలికి పోబాక.

లెన్స్ ముందు అద్దం నుంచి పురుగు దాకా మిగిలే దూరం అసలు తేడా. పెట్టె మీద రాసే కనిష్ఠ ఫోకస్ దూరం సెన్సర్ నుంచి కొలిచింది, అందులో బాడీ, లెన్స్ పొడవు పోతాయి. 1:1లో నికాన్ 60 ఎఫ్/2.8జీకి మిగిలేది దాదాపు 5 సెం.మీ. టామ్రాన్ 90 (ఎఫ్017 మోడల్)కి 14, నికాన్ డీఎక్స్ 85 ఎఫ్/3.5 వీఆర్‌కి 14, నికాన్ 105 ఎఫ్/2.8జీ వీఆర్‌కి 15. నీకు షాపులో చూపించిన 40 అయితే 60 కంటే కూడా దగ్గరికి పోవాలి. ఐదు సెంటీమీటర్లలో లెన్స్ నీడే పురుగు మీద పడుతుంది, తూనీగ ఉండదు, ఫ్లాష్ వెలుగు దూరే సందు ఉండదు. వరి మడికి 40, 60 రెండూ పనికిరావు.

90కీ 105కీ మధ్య ఒక్క సెంటీమీటరే తేడా ఎందుకని అడుగుతావేమో. లోపలి గాజులు కదిలి ఫోకస్ అయ్యే లెన్సుల్లో దగ్గరికి పోయేకొద్దీ ఫోకల్ లెంగ్త్ (లెన్స్ పేరులోని 60, 90 లాంటి మి.మీ. అంకె) తగ్గిపోతుంది. 1:1లో సెన్సర్ నుంచి వస్తువు దాకా దూరం ఫోకల్ లెంగ్త్‌కి సుమారు నాలుగింతలు. 105 వీఆర్ కనిష్ఠ దూరం 31.4 సెం.మీ., నాలుగో వంతు వేస్తే 78 మి.మీ. టామ్రాన్‌కి 30 సెం.మీ., అంటే 75. పేరులో ఉన్న 15 మి.మీ. తేడా పురుగు దగ్గరికి పోయేసరికి మూడు మి.మీ. అయిపోయింది. ఆ 15 కోసం డబ్బు ఎక్కువ పెట్టనక్కర్లేదు.

గదుల సంగతికి వద్దాం. పన్నెండడుగుల గదిలో మనిషిని గోడకు మూడడుగులు ముందుకు జరపాలి, లేకపోతే వెనక నీడ పడుతుంది. నీ వీపుకి ఒకటిన్నర అడుగు తీసెయ్. మిగిలేది ఏడున్నర అడుగులు, 2.3 మీటర్లు. కెమెరా నిలువుగా పట్టుకుంటే ఆ దూరంలో 60లో 87 సెం.మీ. ఎత్తు పడుతుంది, నడుము దాకా వచ్చేస్తుంది. 90లో 58 సెం.మీ. పడుతుంది, తల నుంచి ఛాతీ దాకా. నిలువెత్తుకి 60తో 5 మీటర్ల పైన, 90తో దాదాపు 8 మీటర్లు వెనక్కి పోవాలి. ఆ గదిలో రెండూ కుదరవు. దానికి నీ 18-55 ఉంది కదా, 24 దగ్గర పెడితే రెండు మీటర్లలో మనిషి పట్టేస్తాడు. కెమెరా కంటి ఎత్తులో కాకుండా నడుము ఎత్తులో పట్టుకో, లేకపోతే తల పెద్దదై కాళ్లు పొట్టివవుతాయి.

నా మాట 90. నడుము దాకా తీసే ఫొటోలు వసారాలోకో, పందిట్లోకో, వాకిట్లోకో తెచ్చుకో. అక్కడ మూడున్నర మీటర్లు సులభంగా దొరుకుతుంది, వెలుగు కూడా గదిలో కంటే బాగుంటుంది. గదిలో ముఖాలు. బడ్జెట్ మరీ తక్కువైతే డీఎక్స్ 85 ఎఫ్/3.5 చూడు. పెద్దగా ఎవరూ చెప్పరు గానీ 1:1 ఇస్తుంది, వీఆర్ ఉంది, టామ్రాన్ కంటే బాగా తేలిక. పోయే వెలుగు ముప్పాతిక స్టాపు (ఒక స్టాపు అంటే వెలుగు సగమవడం) కూడా కాదు.

ఫోకస్ నెమ్మది అనేది నిజమే, కారణం తెలిస్తే సగం పోతుంది. మాక్రో లెన్స్‌లో ఫోకస్ ప్రయాణం చాలా పొడుగు. ఒకసారి తప్పితే దగ్గర కొస నుంచి అనంతం దాకా పోయి మళ్లీ రావాలి. టామ్రాన్ 90 పక్కన ఫోకస్ పరిధి స్విచ్ ఉంటుంది. మనుషులకు దాన్ని అర మీటరు నుంచి అనంతం దాకా అనే చోట పెట్టు, దగ్గర భాగంలో వెతకడం ఆగిపోతుంది. పురుగుల నుంచి మనుషులకు వచ్చినప్పుడు ఆ స్విచ్ మార్చడం మర్చిపోతే లెన్స్ పాడైనట్టే కనబడుతుంది.

మొలగొలుకులు (కావలి):

పెన్నాగట్టు అన్న లెక్కలు సరైనవే, కానీ చివర చెప్పిన 90 దగ్గర నాది వేరే దారి. తమ్ముడి దగ్గర ఇప్పటికే 70-300 ఉంది. దాని ముందు రేనాక్స్ డీసీఆర్-150 తగిలిస్తే మాక్రో అక్కడే అయిపోతుంది. మిగిలిన డబ్బుతో నికాన్ 85 ఎఫ్/1.8జీ కొంటే మనుషుల ఫొటోలు ఏ మాక్రో లెన్సూ ఇవ్వలేనంత బాగా వస్తాయి.

డీసీఆర్-150 అంటే 4.8 డయాప్టర్ల (అద్దం శక్తి కొలత) దగ్గరి అద్దం, ఫోకల్ లెంగ్త్ 208 మి.మీ. వెనక లెన్స్ అనంతం దగ్గర ఉంటే సైజు = వెనక లెన్స్ ఫోకల్ లెంగ్త్ భాగించు 208. అంటే 300 దగ్గర 1.44, 200 దగ్గర 0.96, 70 దగ్గర 0.34. సుడిదోమకు 1.44 వచ్చిందంటే 1:1 కన్నా పెద్దది. అద్దం నుంచి పురుగుకి దాదాపు 20 సెం.మీ. దూరం, ఏ 105 కన్నా ఎక్కువ. 70-300 ఫిల్టర్ సైజు 58 మి.మీ., రేనాక్స్ క్లిప్పు 52 నుంచి 67 దాకా పడుతుంది. డీసీఆర్-250 కొనవద్దు. అది 8 డయాప్టర్లు, 300 దగ్గర 2.4 రెట్లు వస్తుంది గానీ దూరం 12 సెం.మీ.కి పడిపోతుంది, చేత్తో పట్టుకుని పురుగును ఫ్రేములో నిలపలేరు.

మనుషుల దగ్గర తేడా ఎంతంటే, ఎఫ్/2.8కీ ఎఫ్/1.8కీ మధ్య ఒకటిం పావు స్టాపు పైమాటే. ట్యూబులైటు గదిలో 85తో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 1600 సరిపోయిన చోట 90తో 4000 పెట్టాలి. డి5600లో 4000 దగ్గర పట్టుచీర నేత మీద గరుకు కనబడుతుంది. వెనక మసకకూ అదే లెక్క. 90ని 2.8తో భాగిస్తే 32 మి.మీ. రంధ్రం, 85ని 1.8తో భాగిస్తే 47. గోడ దగ్గరగా ఉన్న ఇళ్లలో, షామియానా గుడ్డల ముందు ఆ 47 బాగా పనిచేస్తుంది.

దీని లోపం కూడా చెప్పాలి. రేనాక్స్ పెట్టిన తరువాత ఫోకస్ అయ్యేది 17 నుంచి 21 సెం.మీ. మధ్య మాత్రమే. తూనీగ ఎగిరి మీటరు దూరంలో వాలితే అద్దం పీకి మళ్లీ తీయాలి. 85కి కనిష్ఠ దూరం 80 సెం.మీ., 1:8 దగ్గర ఆగిపోతుంది కాబట్టి పసిబిడ్డ కాలివేళ్లు, కన్ను లాంటివి దానితో రావు.

ఎక్స్‌టెన్షన్ ట్యూబుల (బాడీకీ లెన్స్‌కీ మధ్య పెట్టే బోలు గొట్టాలు) గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. పేరులో జీ ఉన్న నికాన్ లెన్సులకు అపర్చర్ రింగు లేదు. చవకరకం ట్యూబుకు లివర్, కాంటాక్టులు రెండూ ఉండవు, తగిలించగానే అపర్చర్ పూర్తిగా ముడుచుకుపోయి వ్యూఫైండర్ చీకటవుతుంది. కాంటాక్టులున్న 12, 20, 36 మి.మీ. కెంకో సెట్టు అయితే నడుస్తుంది. పెరిగే సైజు = ట్యూబు పొడవు భాగించు ఫోకల్ లెంగ్త్. 85 మీద 36 ట్యూబు పెడితే పెరిగేది 0.42, మొత్తం 1:2 కొంచెం దాటుతుంది. నగలకు చాలు, దోమకు చాలదు.

వరిమడి:

అన్నలిద్దరికీ నమస్తే. రెండు దారులూ అర్థమయ్యాయి. పురుగుల నుంచి మనుషులకు వెంటవెంటనే మారే పని లేదు, అది వేరే రోజు ఇది వేరే రోజు. కానీ బారసాలలో ముఖం తీస్తూ తీస్తూనే వేళ్లు, మొలతాడు, ఉంగరం తీయమంటారు. ఇంకో సంగతి: వాడిన 105 వీఆర్ ఒకటి చూశాను. దగ్గరికి పోయేకొద్దీ స్క్రీన్ మీద ఎఫ్/2.8 పోయి 4.8 చూపిస్తోంది. లెన్స్ లోపల సన్నటి దారాల్లాంటివి రెండు ఉన్నాయి. ఫొటోలో ఏమీ తెలియడం లేదు. తీసుకోవచ్చా?

కొత్తపట్నం గాలి (ఒంగోలు):

4.8 చూపించడం లోపం కాదు. ఏ మాక్రో లెన్స్ అయినా 1:1 దగ్గర సెన్సర్ మీద పడే వెలుగు తగ్గుతుంది, నికాన్ కెమెరా ఆ తగ్గిన అంకెను చూపిస్తుంది, అంతే.

దారాలు మాత్రం లోపమే. అది ఫంగస్. తీసుకోవద్దు. ఈ రోజు ఫొటోలో తెలియకపోవచ్చు. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు తీస్తే అక్కడ తెల్లటి పొగలాగా వస్తుంది. శుభ్రం చేయించినా కోటింగ్‌ను (గాజు మీది పూతను) అది తినేసి ఉంటే ఆ గుర్తు పోదు. అంతకన్నా ముఖ్యం, మన జిల్లాల్లో అది ఆగదు. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఏడాది పొడవునా గాలిలో తేమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో బీరువాలో పెట్టిన లెన్స్ మూడు వారాలు బయటికి తీయకపోతే చాలు, ఫంగస్ మొదలవడానికి.

వాడిన లెన్స్ చూసేటప్పుడు ముందు, వెనక మూతలు రెండూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడాలి. వెనక అపర్చర్ లివర్‌ను వేలితో పూర్తిగా తెరిచి పట్టుకోవాలి, లేకపోతే లోపలి గాజులు కనబడవు. దుమ్ము చుక్కలు నాలుగైదు ఉంటే పట్టించుకోవద్దు. సాలెగూడులా, కొమ్మల్లా చీలిన గీతలుంటే వదిలేయాలి. గాజు అంచున తెల్లటి మసక ఉంటే అది గాజులను అతికించిన జిగురు విడిపోవడం కావచ్చు, దాన్ని కూడా వదిలేయాలి. అపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉందా? లివర్ వదలగానే రేకులు టప్పున మూసుకోవాలి, నెమ్మదిగా జారితే నూనె పట్టినట్టు. మౌంట్ దగ్గర స్క్రూల తలలు గీసుకుపోయి ఉంటే ఎవరో విప్పారని అర్థం.

కొన్న తరువాత దాచుకోవడం. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో పావు కిలో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు. మీటరు 40, 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటితే జెల్ మార్చాలి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే తేమతో నిండిపోయాయని, పెనం మీద సన్నసెగన వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ పెనం మళ్లీ వంటకు వాడవద్దు. బియ్యం పోసి దాచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. బియ్యం తవుడు దుమ్ము లెన్స్‌లోకి పోతుంది, ఫంగస్‌కు అదే తిండి. లెన్స్‌తో వచ్చే మెత్తటి తోలు సంచిలో కూడా దాచవద్దు, అది తేమ పీల్చి పట్టుకుంటుంది.

ఏసీ గదిలోంచి ఒక్కసారిగా వాకిట్లోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. అది తుడిచినా మళ్లీ పడుతూనే ఉంటుంది. జిప్ కవరులో మూసి బయటికి తెచ్చి అరగంట ఆగాలి, నీటిబొట్లు కవరు మీద పడతాయి గానీ లెన్స్ మీద పడవు. మైపాడు, కొత్తపట్నం తీరాన తీస్తే ముందు బ్లోయర్, తరువాత కొంచెం తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ, ఆ తరువాత పొడిది. ఉప్పు గింజల మీద పొడి గుడ్డ రుద్దితే కోటింగ్ గీసుకుపోతుంది. నేను ఫిల్టర్లు పెద్దగా వాడమనను గానీ సముద్రం దగ్గర మాత్రం ఒక మామూలు యూవీ పెట్టుకోండి.

నల్లరాయి (చీమకుర్తి):

నగలు తీసే పద్ధతి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను చెబుతాను. నగలకు 1:1 అవసరం లేదు. ఉంగరం చుట్టూ కాస్త జాగా వదిలి తీస్తే 1:3 చాలు, ఫ్రేము అప్పుడు అడ్డం 70 మి.మీ. ఉంటుంది. రాయి ఒక్కదాన్నే చూపించాలంటే 1:2. వంకీ, కాసులపేరు అయితే ఇంకా దూరం.

డెప్త్ (ముందు నుంచి వెనక్కి పదునుగా ఉండే మందం) అసలు కష్టం. మీ సెన్సర్‌కి ఎఫ్/11లో 1:3 దగ్గర పదునుగా ఉండేది 5 మి.మీ., 1:2 దగ్గర 2.6 మి.మీ. ఉంగరం లోతు 20 మి.మీ. అనుకోండి. రాయి పదునుగా ఉంటే వెనక వలయం మసకే. ఎఫ్/22కి మూస్తే తీరుతుందనుకోవద్దు, డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల మొత్తం ఫొటో మెత్తబడుతుంది. ట్రైపాడ్ మీద పెట్టి, ఎఫ్/8 లేదా ఎఫ్/11లో, ఫోకస్ రింగును కొంచెం కొంచెం తిప్పుతూ 1:3కి ఆరేడు ఫొటోలు, 1:2కి పన్నెండు తీసి కంప్యూటర్‌లో కలిపేయండి. ముందు అంచు నుంచి వెనక్కి, ఒకే దిశలో తిప్పాలి. ఒక్క అడుగు వదిలేసినా కలిపిన ఫొటోలో మసక పట్టీ కనబడుతుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ మాన్యువల్. ట్రైపాడ్ మీద వీఆర్ ఆపేయాలి. సెల్ఫ్ టైమర్ రెండు సెకన్లు, ఇంట్లో ఫ్యాను ఆపాలి.

బంగారం అద్దం లాంటిది. అందులో కనబడేది గదే. పైన ఒక తెల్ల గుడ్డ, రెండు పక్కలా తెల్ల అట్టలు, ఒక పక్క మాత్రం వేలెడు వెడల్పు నల్ల అట్ట పట్టీ. ఆ నల్ల పట్టీ ప్రతిబింబమే ఉంగరానికి అంచు గీస్తుంది, అది లేకపోతే బంగారం పసుపు ముద్దలా వస్తుంది. పోలరైజర్ ఫిల్టర్ బంగారం మీది మెరుపును తగ్గించదు, లోహం మీద అది పనిచేయదు. కానీ నగను నునుపు చేసిన నల్ల గ్రానైట్ ముక్క మీద పెడితే రాయి మీది మెరుపును తగ్గిస్తుంది. కెమెరా రాయి ఉపరితలానికి 35 డిగ్రీల కోణం దగ్గర ఉన్నప్పుడు ఎక్కువగా తగ్గిస్తుంది. మా వైపు గెలాక్సీ రాయి వాడేవాళ్లు ఒకటి గమనించాలి: అందులోని మెరుపు చుక్కలు 1:3లో చిన్న రాళ్లంత పెద్దగా కనబడి ఉంగరంతో పోటీపడతాయి. నగ కింద చుక్కలు తక్కువున్న చోటు చూసుకుని పెట్టండి.

నాకైతే మీ బారసాల మాట ఒక్కటే సరిపోయింది. ముఖం నుంచి వేలికి, వేలి నుంచి ఉంగరానికి అద్దాలు పీకకుండా పోవాలంటే 90. మొలగొలుకులు గారి దారి పురుగులూ మనుషులూ వేరువేరు రోజుల్లో ఉంటేనే హాయి.

మొలగొలుకులు:

ఒప్పుకుంటాను. ఒకే పూటలో రెండూ కావాలంటే 90 తీసుకోండి. రేనాక్స్ తరువాత ఎప్పుడైనా కలపవచ్చు. 90 ముందు పెట్టినా 1:1 నుంచి దాదాపు ఒకటిన్నర రెట్లకు పెరుగుతుంది, ఫిల్టర్ సైజు 62 కాబట్టి క్లిప్పు కూడా పడుతుంది.

పెన్నాగట్టు:

చర్మం ప్రశ్న మిగిలిపోయింది. మాక్రో లెన్స్ చర్మాన్ని చెడగొట్టదు తమ్ముడూ, ఉన్నది చూపిస్తుంది. గుంటలు లేచి కనబడేది పక్క నుంచి వచ్చే గట్టి వెలుగులో. పెద్ద మెత్తటి వెలుగు పెట్టు: కిటికీకి ఉతికిన తెల్ల పంచె రెండు మడతలు కట్టి, మనిషిని కిటికీకి మూడు నాలుగడుగుల్లో కూర్చోబెట్టి, ముఖాన్ని కిటికీ వైపు కాస్త తిప్పించు. అవతలి పక్క తెల్ల థర్మోకోల్ షీటు. అప్పుడు 90 పదును కనురెప్పల మీద, చీర అంచు మీద పనికొస్తుంది, చెంప మీద కనబడదు. ఆ తరువాత కూడా ఎక్కువనిపిస్తే ఎడిటింగ్‌లో చర్మం మీద మాత్రమే క్లారిటీ 10, 15 తగ్గించు. మొత్తం ఫొటోకి తగ్గించబాక.

మీటరున్నర దూరంలో 90ని ఎఫ్/2.8లో పెడితే పదును మందం 3 సెం.మీ. దగ్గరి కంటి మీద పెడితే ముక్కు కొస మసకవుతుంది. ముక్కుపుడక కూడా తెలియాలంటే ఎఫ్/4, 5.6కి పో. మధ్యాహ్నం ఎండలో ఎఫ్/2.8 పెట్టి ఫ్లాష్ వేద్దామనుకోబాక. డి5600 షట్టర్ వేగం ఫ్లాష్‌తో 1/200 సెకను దాటదు. ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/2.8కి 1/3200 దాకా కావాలి. నాలుగు స్టాపుల వెలుగు ఎక్కువైపోతుంది. నీడలోకి రా.

ఇక మడిలో. సుడిదోమ ఆకు మీద ఉండదు, దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన ఉంటుంది. అక్కడ ఎప్పుడూ చీకటే, ఫ్లాష్ తప్పదు. మాన్యువల్, 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ 1/8 నుంచి మొదలుపెట్టి చూసుకో. ఆ పవర్‌లో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేల వంతే కాబట్టి చెయ్యి వణికినా ఆగిపోతుంది. ఫ్లాష్ ముందు తెల్ల ఫోమ్ షీటును పళ్లెంలా వంచి లెన్స్ కొస దాకా కప్పేలా కట్టు. అది లేకపోతే దోమ వీపు మీద ఒక తెల్ల మచ్చ తప్ప ఏమీ ఉండదు.

1:1లో ఎఫ్/11కి పదును మందం ఒక మి.మీ. కూడా లేదు. ఆటోఫోకస్ తీసెయ్. రింగును 1:1 దగ్గర నిలిపి, మోచేతులు మోకాళ్లకు ఆనించి, ఒళ్లంతా ముందుకు వెనక్కి మెల్లగా ఊగుతూ పదును కంటికి తగలగానే నొక్కు. పదింటికి రెండు బాగా వస్తే అది మంచి లెక్కే. సెన్సర్‌ను పురుగు వీపుకు సమాంతరంగా పెట్టుకుంటే ఆ ఒక్క మి.మీ.లోనే తల, రెక్కలు రెండూ పడతాయి. కోణం సరిచేసుకోవడానికి ముందుగా పక్క దుబ్బుల్ని చేత్తో విడదీసి కాసేపు ఆగు, కదిపితే దోమలు చుట్టూ తిరిగి కాండం అవతలికి పోతాయి, ఆగితే మళ్లీ వస్తాయి.

తూనీగలకు, సాలీళ్లకు పొద్దున ఎనిమిదిలోపు. మంచు పట్టిన రెక్కలు ఆరేదాకా అవి కదలవు. పొద్దెక్కితే సముద్రపు గాలి మొదలై ఆకులు ఆగవు. ఆకు కదులుతుంటే కందిపుల్ల ఒకటి గుచ్చి బట్టల క్లిప్పుతో ఆకును పట్టించు. ఫొటో వాట్సాప్‌లో ఫొటోలాగా పంపితే చాలా పిక్సెళ్లు పోతాయి, పురుగు చుట్టూ కత్తిరించి డాక్యుమెంటుగా పంపు.

వరిమడి:

టామ్రాన్ 90 ఎఫ్017 ఖాయం చేసుకున్నాను. నెల్లూరులో వాడినది ఒకటి ఉంది, ఆదివారం చూడబోతున్నాను. టార్చి సంగతి అర్థమైంది. ఇంకేం చూడాలి?

కొత్తపట్నం గాలి:

నీ డి5600ని, ఖాళీ కార్డు, నిండు బ్యాటరీతో తీసుకుపో. ఒక స్కేలు కూడా. ఈ నాలుగూ చెయ్యి:

స్కేలును 1:1లో తియ్యి. ఫ్రేము అడ్డంలో 23, 24 మి.మీ. కనబడాలి. ఎక్కువ కనబడితే ఫోకస్ కొస దాకా పోవడం లేదు.

గోడ మీద అతికించిన పేపరును రెండు మీటర్ల నుంచి ఎఫ్/2.8లో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడు. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే ఎప్పుడో కింద పడి లోపలి గాజు పక్కకు జరిగిందని. నాలుగూ కాస్త మసకైతే అది మామూలే.

వీసీ (టామ్రాన్‌లో వణుకు ఆపే ఏర్పాటు) స్విచ్ వేసి, షట్టర్ సగం నొక్కి వ్యూఫైండర్‌లో చూడు. బొమ్మ మెల్లగా నిలబడాలి. ఎగిరినా, గరగరమన్నా వద్దు. ఫోకస్ పరిధి స్విచ్ మూడు చోట్లా పెట్టి ఆటోఫోకస్ చూడు.

స్కేలును ఏటవాలుగా పెట్టి, ఒకే గీత మీద వ్యూఫైండర్‌లో ఒకసారి, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఒకసారి ఫోకస్ చేసి తియ్యి. రెండిటిలో పదును ఒకే గీత మీద ఉండాలి. వ్యూఫైండర్‌ది ముందుకో వెనక్కో జరిగితే డి5600లో దాన్ని సరిచేసే సెట్టింగు లేదు. టామ్రాన్ ట్యాప్-ఇన్ కన్సోల్‌తో (లెన్స్‌ను కంప్యూటర్‌కి కలిపే పరికరం) లెన్స్‌లోనే సరిచేయవచ్చు, ఫర్మ్‌వేర్ కూడా దానితోనే ఎక్కిస్తారు. అమ్మేవాళ్ల దగ్గర కన్సోల్ ఉంటే అక్కడే చేయించుకో. లేకపోతే ఆ మేరకు ధర తగ్గించమని అడుగు, ముఖాలకు లైవ్ వ్యూ వాడుకో.